నేను చదవని తొమ్మిదో షరతు

సేల్స్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ముప్పై ఏళ్లకు పైగా బోరు మోటార్లు అమ్మిన మనిషి కదా, ఏవైనా కిటుకులు చెప్తాడని వాళ్ల ఆశ. చెప్తాను కూడా. ఏ నెలలో ఏ ఊరికి పోవాలి, డీలరు కోపంగా ఉన్నప్పుడు ముందు దేని గురించి మాట్లాడాలి, ఇలాంటివి. ఒక్కటి మాత్రం ఇంతవరకు వాళ్లలో ఎవరికీ చెప్పలేదు. అదీ ఒక కిటుకే. ఉద్యోగం మొత్తంలో ఒకే ఒక్కసారి వాడాను. బ్రహ్మాండంగా పనిచేసింది.

నాది గొల్లపల్లి పక్కన చిన్న ఊరు. మా అవ్వ, బాపు, అంటే అమ్మానాన్నలు, కూలికి పోయేవాళ్లు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాతోనే మొదలు. ఆదివారం ప్రార్థనలో మా అవ్వ నా ఉద్యోగం కోసం ప్రత్యేకంగా దేవునికి కృతజ్ఞతలు చెప్పేది, అందరికీ వినపడేటట్టు. కంపెనీ డిపో జగిత్యాలలో ఉండేది. ఇటు రాయికల్, కోరుట్ల, అటు సిరిసిల్ల, కోనరావుపేట దాకా నా ఏరియా. మోటార్లు వాడే ఊళ్లలో డిస్ట్రిబ్యూటర్లను వెతకడం, వాళ్లతో ఒప్పందం చేయించడం, తర్వాత వాళ్లు మా సరుకే అమ్మేటట్టు చూసుకోవడం నా పని.

కోరుట్లలో కాలిపోయిన మోటార్లకు రాగితీగ మళ్లీ చుట్టే, అంటే వైండింగ్ చేసే, ఒకాయన ఉండేవాడు. వాళ్లది కల్లు గీసే కుటుంబం. పాతికేళ్ల వయసులో తాటిచెట్టు మీంచి పడి ఎడమకాలు విరిగింది. అది అతుక్కుంది గానీ పొట్టిదైపోయింది. ఇక చెట్టెక్కే వీలు లేదని, కూర్చుని చేసే పని కోసం వైండింగ్ నేర్చుకున్నాడు. మోటారు ఆన్ చేయించి రెండు నిమిషాలు చెవి పెట్టి వింటే చాలు, తప్పు ఎక్కడుందో చెప్పేసేవాడు. రాయికల్ వైపు నుంచి కూడా రైతులు ట్రాలీల్లో మోటార్లు వేసుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన భార్య పెళ్లికి ముందు నుంచీ బీడీలు చేసేది. ఏడో తరగతి దాకా చదువుకుంది. ఎవరి మోటారు ఎప్పుడొచ్చింది, ఏం మార్చారు అన్నది ఒక నోట్‌బుక్కులో గుండ్రటి అక్షరాలతో ఆమే రాసేది.

ఆయనను డిస్ట్రిబ్యూటరుగా పెడదామని చెప్తే మా రీజినల్ మేనేజరు నవ్వారు.

"ఆయనకు సరైన షాపే లేదు కదండీ."

"రైతులు షాపును చూసి కొనరు సార్. మోటారు కాలిపోతే ఎవరు వస్తారో చూసి కొంటారు," అన్నాను.

ఆ మాట ఆయనకు నచ్చింది. నాకు ఇంకా నచ్చింది. ఆ తర్వాత చాలా మీటింగుల్లో అదే మాట వాడుకున్నాను.

కబురు చెప్పడానికి కోరుట్ల పోతే, ఆయన చేతిలో పని ఆపి ఒక్కటే అడిగాడు. "సార్, కోరుట్ల, రాయికల్ రెండు మండలాలు నాకొక్కనికే ఇస్తరా? ఇంకొకన్ని గూడ పెడితే నేను తట్టుకోలేను. ఊరూరు తిరిగి పేరు తెచ్చేది నేనైతే, అమ్ముకునేది ఇంకొకడైతడు."

"నీకొక్కనికే," అన్నాను. ఆ రోజు నిజంగా అలాగే అనుకున్నాను. ఇది నా తరఫున చెప్పుకోగలిగిన ఆఖరి మంచిమాట.

ఒప్పందం కాగితాలు హైదరాబాదు నుంచి వచ్చాయి. పన్నెండు పేజీలు, ఇరవై రెండు షరతులు, అంతా ఇంగ్లీషు. అంతవరకు ఏ డిస్ట్రిబ్యూటరూ వాటిని చదవమని అడగలేదు. పెన్సిలుతో గుర్తులు పెట్టుకుపోయి "ఇక్కడ, ఇక్కడ" అంటే సంతకాలు పెట్టేసేవాళ్లు. ఈ ఇంట్లో మాత్రం ఆమె కాగితాలు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. డిస్ట్రిబ్యూటర్‌షిప్పు భార్యాభర్తలిద్దరి భాగస్వామ్యంలో తీసుకుంటున్నారు కాబట్టి ఆమె కూడా సంతకం పెట్టాలి.

"సార్, అంత ఇంగ్లీషుల ఉన్నది. జెర సదివి చెప్పుండ్రి," అంది.

"సార్ మీద నమ్మకం లేదా నీకు?" అన్నాడు ఆయన, ఇబ్బందిపడుతూ.

"సార్ మీద నమ్మకం ఉన్నది. కాయితం ఏమంటుందో ఇందామని."

ఆమెను నేను చెల్లే అని పిలిచేవాణ్ని. "చెల్లె చెప్పింది కరెక్టే," అని చదవడం మొదలుపెట్టాను. రెండో మూడో షరతు దగ్గర ఉండగా రాయికల్ వైపు నుంచి ఒక రైతు కాలిన మోటారు తీసుకొచ్చాడు. నారు ఎండిపోతోందని మొత్తుకుంటున్నాడు. ఆయన లేచి బయట అరుగు మీదికి పోయాడు. మిగతాదంతా ఆమె ఒక్కతే విన్నది.

ఒక్కో షరతు చదివి తెలుగులో చెప్తుంటే ఆమె ఒక్కో వేలు ముడిచేది. అర్థం కానిది మళ్లీ అడిగేది. ఎనిమిదో షరతు ఏరియా గురించి. కోరుట్ల, రాయికల్ మండలాలకు వీళ్లను డిస్ట్రిబ్యూటరుగా నియమిస్తున్నట్టు అందులో ఉంది. అది వినగానే ఆమె ముఖం విప్పారింది.

"గిది మల్లొక్కసారి చెప్పుండ్రి సార్."

మళ్లీ చెప్పాను. తర్వాత తొమ్మిది. కంపెనీ తన ఇష్టప్రకారం, ఎప్పుడైనా, నోటీసు ఇవ్వకుండానే అదే ఏరియాలో మరొకరిని నియమించుకోవచ్చు. దానికి డిస్ట్రిబ్యూటరు అభ్యంతరం చెప్పడానికి లేదు. ఈ షరతు అందులో ఉన్నదని అంతకుముందు నాకూ సరిగా తెలియదు. మిగతావాళ్లు చదవకుండా సంతకాలు పెట్టినట్టే, నేను చదవకుండా పెట్టించేవాణ్ని. మనసులోనే చదువుకున్నాను. తల ఎత్తితే ఆమె తొమ్మిదో వేలు ముడవడానికి సిద్ధంగా ఉంది.

పదో షరతు చదివాను.

చాలా ఏళ్లు దీనికి తొందర అని పేరు పెట్టుకున్నాను. మూడు నెలల గడువు ఆ వారంతో ముగుస్తుంది, ఇద్దరు కొత్త డిస్ట్రిబ్యూటర్లను చూపించాలి, జగిత్యాలకు తిరిగి పోవాలి. అవన్నీ నిజమే. కానీ అసలు సంగతి వేరు. ఆ షరతు వింటే ఆమె సంతకం పెట్టదని నాకు తెలుసు. అంతే.

అంతా అయ్యాక ఆమె ఆఖరి పేజీ మీద వేలు పెట్టింది. "సార్, ఈడ ఇర్వై రెండు అంకె ఉన్నది. నా లెక్కకు ఇర్వై ఒకటే అచ్చినయి."

"మధ్యల రెండు కలిపి చెప్పిన చెల్లే."

"అట్లనా!" అని నవ్వింది. "బీడీల లెక్క అలవాటు సార్. కట్టకు ఇర్వై అయిదు. ఒక్కటి తక్కువున్నా చేతికి తెలుస్తది. అందుకే అడిగిన."

ఆమె గుండ్రటి అక్షరాలతో తెలుగులో సంతకం పెట్టింది. ఆయనను లోపలికి పిలిచింది. ఆయన కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని వచ్చి ఒక్క మాట కూడా అడగకుండా పెట్టాడు.

డిపోకు తిరిగి వచ్చి మా స్టోర్‌కీపరుకు ఈ ముచ్చట చెప్పాను. నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు, మధ్యాహ్నం ఇద్దరం ఒకే డబ్బా పంచుకునేవాళ్లం. వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టిందని, నేను ఒకటి దాటేశానని, అయినా పట్టేసిందని నవ్వుతూ చెప్పాను. వాడూ నవ్వాడు. కాసేపయ్యాక, "గది ముఖ్యమైందా అన్నా?" అని అడిగాడు. "అన్ని కంపెనీలు రాసుకుంటయి. ఎవ్వడు వాడడు," అన్నాను.

మూడేళ్లు ఎవరూ వాడలేదు. ఆ మూడేళ్లలో ఆయన ఆ రెండు మండలాల్లో మా మోటారుకు తెచ్చిన పేరు అంతా ఇంతా కాదు. పాత స్కూటరుకు పక్కచక్రాలు బిగించుకుని, పనిముట్ల సంచీ ముందు పెట్టుకుని పొలాల దాకా పోయేవాడు. మోటారు ఎందుకు కాలిందో రైతుకు అర్థమయ్యేటట్టు చెప్పేవాడు. చాలాసార్లు తప్పు మోటారుది కాదు, కరెంటుది అని తేల్చేవాడు. దాంతో కంపెనీకి వారంటీ గొడవలే లేకుండా పోయాయి. పేరు స్థిరపడ్డాక పెద్దవాళ్ల కన్ను పడింది. కోరుట్ల మెయిన్ రోడ్డు మీద పెద్ద హార్డ్‌వేర్ దుకాణం ఉన్న వ్యాపారి నేరుగా హైదరాబాదు పోయి మాట్లాడుకున్నాడు. నెల తిరక్కుండానే ఆయన దుకాణం మీద మా కంపెనీ బోర్డు, ఒక గది వెడల్పున, వెలిగింది.

దంపతులిద్దరూ డిపోకు వచ్చారు. "ఇదేంది సార్?" అని ఆయన అడిగాడు. పైవాళ్లతో మాట్లాడతానన్నాను. మాట్లాడలేదు. రెండు నెలలు నా చుట్టూ తిరిగి, ఆఖరుకు జగిత్యాల కోర్టులో దావా వేశారు. ఒప్పందం గడువు తీరేదాకా ఆ రెండు మండలాల్లో వేరే డిస్ట్రిబ్యూటరును పెట్టకుండా కంపెనీని ఆపాలని.

ఇక్కడ కొంచెం చట్టం చెప్పక తప్పదు. కాగితం మీద ఉన్నదానికి ఎదురుగా నోటిమాట నిలవదు. నేను "నీకొక్కనికే" అన్నా, అనకపోయినా తొమ్మిదో షరతు ముందు అది చెల్లదు. ఒక్క దారి మాత్రం ఉంది. ఆ షరతును దాచిపెట్టి, మోసం చేసి సంతకం పెట్టించారని రుజువు చేస్తే ఒప్పందంలో ఆ ముక్క నిలబడదు. వాళ్ల వకీలు, జగిత్యాలలోనే ఉండే పెద్దమనిషి, ఆ దారే పట్టుకున్నాడు. అంటే కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీదికి వచ్చింది. తొమ్మిదో షరతు నేను చదివానా లేదా? ఆ గదిలో ఉన్నది ఇద్దరమే.

మేనేజరు నన్ను పిలిపించారు. ఉద్యోగం పోతుందని భయపెట్టారని చెప్తే మీరు నా మీద జాలిపడతారు. నిజానికి ఎవరూ భయపెట్టలేదు. ఆయన గొంతు ఎప్పుడూ పెంచని మనిషి. టీ తెప్పించి, "మీరు అన్నీ చదివే ఉంటారు కదా," అన్నారు. అది ప్రశ్న కాదు. టీ తాగాను. నా మౌనాన్ని ఆయన అవునని రాసుకున్నారు. కంపెనీ పెట్టుకున్న కరీంనగర్ వకీలు దాన్ని ప్రమాణపత్రంలోకి ఎక్కించాడు. 'ప్రతి షరతునూ తెలుగులో చదివి, వివరించి, అర్థమైందని నిర్ధారించుకున్న తర్వాతే సంతకాలు తీసుకున్నాను' అని అందులో ఉంది. ఆయన పేజీలు తిప్పుతూ, "ఇక్కడ, ఇక్కడ," అన్నాడు. పెట్టేశాను.

ముందు వాళ్ల సాక్ష్యం. కంపెనీ ప్రతినిధిని కాబట్టి నేను కోర్టు హాల్లోనే కూర్చున్నాను. బోనులోకి ఆమె వచ్చింది. కొంగు బిగించుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. మా వకీలు తేలికగా మొదలుపెట్టాడు.

"ఎన్ని షరతులు విన్నావమ్మా?"

"ఇర్వై ఒకటి సార్."

"ఎట్లా తెలుసు?"

"వేళ్ల మీద లెక్కవెట్టిన."

హాల్లో ఎవరో నవ్వారు. ఆమె అటు చూడలేదు.

"మరి కాగితం మీద ఇరవై రెండు ఉన్నాయి. అప్పుడే అడగకపోయావా?"

"అడిగిన సార్. రెండు కలిపి చెప్పిన అన్నడు సార్."

మా వకీలు జడ్జిగారి వైపు తిరిగి చేతులు చాపాడు. "అంటే ఇరవై రెండూ చెప్పినట్టే కదండీ!"

ఆ ఒక్క మాట ఆమె చెప్పకపోతే కేసు వేరుగా ఉండేది. ఆమె నోట్లోంచి తప్ప ఆ సంగతి బయటికి వచ్చే దారే లేదు. తనకే ఎదురుతిరిగే నిజం కూడా చెప్పేసింది, నిజం చెప్తానని ప్రమాణం చేసింది కాబట్టి.

నా వంతు మరో వాయిదాకు వచ్చింది. దేవుని సాక్షిగా నిజమే చెప్తానన్నాను. మా అవ్వ అప్పటికి లేదు. లేకపోవడమే మంచిదైందని ఆ క్షణాన అనిపించింది. అంతకన్నా హీనమైన ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

వాళ్ల వకీలు అరవలేదు, బెదిరించలేదు. అన్నీ చదివారా అంటే చదివానన్నాను. రెండు కలిపి చెప్పానని ఆమెతో అన్నారా అంటే అన్నానన్నాను.

"ఏ రెండు?"

ఈ ప్రశ్నకు మా వకీలు నన్ను తయారు చేయలేదు. టైపు చేసే అమ్మాయి చేతులు కీబోర్డు మీద ఆగాయి. వెనక బెంచీలో ఆమె కొంచెం ముందుకు వంగి నన్నే చూస్తోంది. కోపంగా కాదు. ఇప్పుడు చెప్తాడు, ఇంత సూటిగా అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాడు అన్నట్టు, ఎదురుచూస్తోంది.

"ఎనిమిది, తొమ్మిది," అన్నాను. "రెండూ ఏరియా గురించే కాబట్టి కలిపి చెప్పాను."

"ఎనిమిదో షరతు రెండుసార్లు చెప్పించుకున్నానని ఆమె సాక్ష్యంలో ఉంది. రెండుసార్లు చెప్పించుకున్న మనిషి తొమ్మిదో దానికి అభ్యంతరం చెప్పలేదంటారా?"

"రెండోసారి చెప్పినప్పుడే తొమ్మిదోది కలిపాను. ఆమె తల ఊపింది."

ఆలోచించుకోలేదు. దానంతట అదే వచ్చింది. ఆమె శ్రద్ధగా విన్న ప్రతి చోటునూ ఆమె మీదికే తిప్పేశాను. వకీలు ఫైలు మూసి, "ఇంకేం లేదు," అని కూర్చున్నాడు. సాక్ష్యం నాకు చదివి వినిపించారు. ఒక్క వాక్యం కూడా వదలకుండా చదివారు. పేజీ పేజీకి సంతకం పెట్టాను.

పిల్లలూ, నా సిగ్గంతా ఇక్కడితో అయిపోయిందని మీరు అనుకోవచ్చు. అసలైనది ఇంకా చెప్పలేదు.

బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆయన కాలు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"సార్, మీరు మనసుల ఏం వెట్టుకోకుండ్రి. మిమ్ముల గిట్ల కోర్టుల నిలవెట్టినం. ఆమె అప్పుడు ఏడనో పరధ్యానంల ఉన్నట్టున్నది. మీరు గంత ఇవరంగ చెప్పినంక ఇగ మీరేం చేస్తరు. నలుగురిల నాకు కుర్చీ ఏసిన మనిషి మీరు. మిమ్ముల నేను తప్పు వట్ట."

నాలుగడుగుల దూరంలో ఆమె ఫైలు కవరు పట్టుకుని నిలబడి ఉంది. ప్రతి మాటా వింటోంది.

అక్కడ జడ్జి లేరు. వకీలు లేడు. మేనేజరు లేరు. నేను చెప్పేది ఎవరూ టైపు చేయరు. ఒక్క మాట, "లేదు, ఆమె లెక్క కరెక్టే," అని మెల్లగా అన్నా చాలు. కేసు ఎటైనా పోనీ, ఆ ఇద్దరి మధ్య అబద్ధం ఉండేది కాదు.

"అయితుంటది," అన్నాను. "పెద్ద కాయితాలు కదా. ఆడోళ్లకు అన్ని యాదికుండయి."

ఆమె నన్ను ఒకసారి చూసింది. తర్వాత ఆయనను చూసింది. బస్టాండు వైపు నడిచింది. ఆయన నాకు మళ్లీ నమస్కారం పెట్టి ఆమె వెనక పోయాడు.

దావా కొట్టేశారు. పై కోర్టుకు పోవచ్చని వాళ్ల వకీలు చెప్పాడట. ఆమె పోదామందట. ఆయన వద్దన్నాడట, తప్పు మనవైపే ఉన్నప్పుడు ఎంత పైకి పోయినా ఏం లాభమని. ఇదంతా మా స్టోర్‌కీపరు ద్వారా తెలిసింది. తీర్పు వచ్చిన రోజు కంపెనీవాళ్లు స్వీటు డబ్బాలు పంపారు. వాడు తన డబ్బాను ముట్టుకోకుండా నా బల్ల మీద పెట్టి, "మీరు తీస్కోండ్రి సార్," అన్నాడు. ఆ రోజు నుంచి నేను వాడికి సార్‌నే. అన్నా అని మళ్లీ పిలవలేదు. అన్నం డబ్బా పంచుకోవడం కూడా ఆగిపోయింది. ఎందుకని నేను అడగలేదు. అదే ఏడు నాకు ప్రమోషన్ వచ్చింది. 'క్లిష్ట సమయంలో సంస్థకు అండగా నిలిచినందుకు' అని ఒక జ్ఞాపిక కూడా ఇచ్చారు.

కోరుట్లలో వాళ్ల దుకాణం ఏడాదిలోపే మూతపడింది. ఆ ఊళ్లకు టూరు పోయినప్పుడు రైతులు నన్ను అడిగేవాళ్లు, "మన కుంటాయన ఏడ వాయె సార్? గీ కొత్తోళ్లు ఫోనే ఎత్తరు." తెలియదనేవాణ్ని. అది మాత్రం నిజం.

రిటైరైన రెండో ఏడు కోనరావుపేటలో చుట్టాల పెళ్లికి పోయి, తిరుగు ప్రయాణంలో సిరిసిల్ల బస్టాండులో దిగాను. జగిత్యాల బస్సు కోసం చూస్తుంటే పక్క బెంచీలో ఆమె కనపడింది. మెడలో బట్టలు కుట్టే కంపెనీ గుర్తింపు కార్డు ఉంది. జుట్టు సగం నెరిసింది. తప్పించుకుని అవతలికి పోదామనుకున్నాను. అప్పటికే చూసింది.

"మంచిగున్నరా సార్?"

"మంచిగున్న చెల్లే. మీ ఆయన?"

"ఉన్నడు. ఈడ సాంచాల మోటార్లు చుడుతుండు," అంది. సాంచాలంటే మరమగ్గాలు. "నేను కుట్టువనికి పోతున్న. రోజులు ఎల్లుతున్నయి."

ఆమె గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. అదే నన్ను నిలబడనివ్వలేదు. "చెల్లే, ఆ రోజు కోర్టుల నేను..." అని మొదలుపెట్టాను. "ఆ తొమ్మిదోది నేను నీకు సదివి..."

ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. "గది నాకు చెప్పుడెందుకు సార్? నేను ఆడనే ఉంటి కదా."

ఆమె సంచీ భుజానికి వేసుకుని లేచింది.

"చెప్పాల్నని ఉంటే ఆయనకు చెప్పుండ్రి. ఇల్లు దగ్గర్నే."

బస్సు వచ్చింది. అది ఎక్కేసి ఉంటే అది కూడా నా స్వభావానికి సరిపోయేదే. ఎందుకో ఎక్కలేదు. ఆమె వెనక నడిచాను. రెండు వీధులు మరమగ్గాల మోత మధ్య నుంచి పోయాయి. మోత తగ్గిన చోట ఆమె నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"కొట్లాటలేం లేవు సార్ మాకు. ఆయన మంచోడే. గని ఏదన్న కాయితం వస్తే, ఫోన్‌ల ఎవరన్న ఏదన్న చెప్తే, 'జెర మంచిగిను, గప్పటి లెక్క చేయకు' అంటడు. కోపంతోని గాదు, మామూలుగనే అంటడు. బిడ్డ పెళ్లి మాటలప్పుడు గూడ నన్ను లోపటనే కూసోమన్నడు, నేనేం ఇంటనో ఏం ఇననో అని. పిల్లలు గూడ గదే అనవట్టిరి. మొదట్ల నేను లేదు లేదని చెప్పిన. ఇగ ఎన్నిసార్లు చెప్త? కొన్నిదినాలకు నాకే అనిపించింది, నిజంగనే ఇనలేదా ఏంది అని."

దుకాణం పోయిందని నాకు తెలుసు. ఊరు మారారని తెలుసు. ఇది మాత్రం నా ఊహలో కూడా లేదు. నేనొక కాగితం గురించి అబద్ధం ఆడాననుకున్నాను ఇన్నేళ్లూ.

ఇంటి ముందు గదిలో ఆయన నేల మీద కూర్చుని, చిన్న మోటారును ఒళ్లో పెట్టుకుని రాగితీగ చుడుతున్నాడు. నన్ను చూసి ముఖమంతా వెలిగిపోయింది.

"సార్! రాండ్రి, రాండ్రి. ఎన్ని రోజులాయె! ఏమే, సార్‌కు కుర్చీ ఎయ్యి. చాయ్ వెట్టు."

ఆమె కుర్చీ వేయలేదు. తలుపు పక్కన నిలబడింది. నేనూ నిలబడే ఉన్నాను.

"నీకొక మాట చెప్పాలె," అన్నాను. "ఆ ఒప్పందంల తొమ్మిదో షరతు నేను సదువలే."

"ఏ, ఊకోండ్రి సార్. ఎప్పటి ముచ్చట అది."

"ఊకోను. ఇను. కలిపి చెప్పలే, రెండోసారి చెప్పలే. కావాల్నని ఇడిసిపెట్టిన. ఆమె ఇర్వై ఒకటి అన్నది, గది కరెక్టు లెక్క. నేను కోర్టుల అబద్ధం చెప్పిన. బయట మెట్ల కాడ నువ్వు తప్పు ఆమెదనుకుంటుంటే గూడ తెలిసే ఊకున్న. ఊకునుడు గాదు, నేను గూడ ఓ మాటన్న."

ఆయన చేతిలో తీగ ఆగింది. నన్ను తిడతాడని చూశాను. అన్నిటికీ క్షమించమని అడగడానికి మాటలు దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చాను. ఆయన నా వైపు చూడనే లేదు. భార్య వైపు చూశాడు. మోటారును ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు. పొట్టికాలు మీద బరువు వేసి లేవబోయి, గోడ పట్టుకుని ఆగాడు.

"మరి నువ్వు..." అన్నాడు ఆఖరుకు.

"చెప్పిన," అంది ఆమె. "ఎన్నోసార్లు చెప్పిన."

ఆయన తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను ఒక అడుగు ముందుకు వేసి, "తప్పంత నాది, మీరిద్దరు నన్ను..." అంటుండగా ఆమె నా వైపు తిరిగింది. అంతవరకు నాతో మాట్లాడిన మెత్తని గొంతే.

"సార్, ఇగ మీరు పోండ్రి. మేం మాట్లాడుకునేదున్నది."

బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాను. లోపల ఆయన ఏదో అడగడం వినపడింది. ఆమె జవాబు మొదలుపెట్టింది, నెమ్మదిగా, మొదటి నుంచి. అది వినే హక్కు నాకు లేదు. వీధి చివరిదాకా ఆగకుండా నడిచాను.